మేకపిల్లల కుర్చీ

ఆ రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా నాకు ముందు కనిపించేది మనుషులు కాదు, కుర్చీలు. మార్కాపురంలో ఒక ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. ఓనరును అందరం సేటు అనేవాళ్ళం (ఆయనది పక్క పల్లెటూరే, కాకపోతే ఆ పిలుపులో బరువుందని ఆయన నమ్మకం). ప్లాస్టిక్ శాస్త్రమంతా నాకు ఆయనే నేర్పాడు. మామూలు కుర్చీ పాలీప్రొపిలీన్. అందులో కొత్త సరుకుతో పోసింది వేరు, పాత బకెట్లూ మగ్గులూ కరిగించి పోసింది వేరు. రెండోదానికి ముదురు రంగు వేస్తారు, లోపలి కలగాపులగం కనబడకుండా. ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలు వాసన కొడుతుంది. ఇనుప చట్రానికి అల్లే వైరు పీవీసీ, గట్టిదే గానీ ఎండాకాలంలో కూర్చుని లేస్తే వీపున చారలు పడతాయి. నీళ్ళ డ్రమ్ములు చేసే హెచ్‌డీపీఈతో స్టూళ్ళు వస్తాయి, ఎవరెక్కినా చలించవు. అద్దంలాంటి పాలీకార్బొనేట్ కుర్చీ ఒకటి దుకాణం ముందు పెట్టుకున్నాం. "ఏంది, గాల్లో కూర్చున్నట్టుండాది" అని నవ్విపోయినవాళ్ళే గానీ దాన్ని కొన్నవాళ్ళు లేరు.

ఇంత విద్య ఒంటబట్టాక నోరు ఊరుకుంటుందా? గిద్దలూరు పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు (అప్పటికి అలాగే అనుకున్నాను) వేసిన కుర్చీని తిరగేసి చూసి, "ఇది కరిగించి పోసిన మాలు, రెండేళ్ళు కూడా రాదు" అన్నాను. సంబంధం రెండు గంటలు కూడా రాలేదు. అందుకని దోర్నాల సంబంధానికి బయల్దేరినప్పుడు నాయన బస్సులోనే ఒట్టు వేయించుకున్నాడు. "కుర్చీ మాటెత్తినావంటే నీకింక పెళ్ళి జెయ్యను. ఎట్లాగూ ఈ బస్సు శ్రీశైలం దాకా పోతాది, ఆడనే సన్యాసుల్లో కలిసిపో." అమ్మాయి ఫొటో అప్పటికే చూసి ఉన్నాను. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేనని నాకు తెలుసు. ఒట్టు గట్టిగానే పట్టుకున్నాను.

మా వైపు పెళ్ళిచూపులంటే కుర్చీలు ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి వస్తాయి. ఎవరివి వాళ్ళకు చేరాలని వీపు మీద పెయింటుతో పొడి అక్షరాలు రాసుకుంటారు. అలా దోర్నాల వాళ్ళ వసారాలో సేటు పాఠమంతా వరసగా వేసి ఉంది. నాకు దక్కింది కొత్త సరుకుతో పోసిన మేలైన ఎర్రకుర్చీ. గోడవార మాత్రం ఒక ఆకుపచ్చ కుర్చీ, పెరట్లో ఎండకు వెలిసిపోయి, మేకపిల్లలు ఎక్కి ఆడుకున్న గిట్టల గీతలతో ఉంది. దాని వెనక కాలు మొదట్లో తెల్లటి చార. ఆ చార వచ్చిందంటే లోపల పని అయిపోయినట్టే, బయటికి తెలియడమే ఆలస్యం. అమ్మాయి పెదనాయన, భారీ మనిషి, సరిగ్గా దానివైపే నడుస్తున్నాడు.

చెబితే పెళ్ళి పోతుంది, చెప్పకపోతే పెదనాయన పోతాడు. గబుక్కున లేచి, "ఈడ కూర్చోండి పెదనాయనా, గాలి బాగా వస్తాది" అని ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను వెళ్ళి ఆకుపచ్చదాంట్లో కూర్చున్నాను. (నిలబడి ఉండొచ్చు కదా అంటారు. మా నాయన చూపు పడి ఉంటే మీరూ కూర్చునేవాళ్ళు.) అప్పట్లో నేను ఎండుపుల్లను. కదలకుండా ఉంటే ఆ కాలు నన్ను మోస్తుందని లెక్క వేశాను, లెక్క సరైనదే. కానీ అమ్మాయి పళ్ళెంలో మిక్చరు పట్టుకుని వచ్చింది, మధ్యలో పెదనాయన అడ్డం. ఆయన భుజం పక్కనుంచి చూద్దామని కాస్త వంగాను. టప్పుమంది. అమ్మాయి ఉలిక్కిపడి పళ్ళెం ఒలకబోసింది. ఆమెను నేను మొదటిసారి సరిగ్గా చూసింది నేల మీద నుంచి, మిక్చరు వానలో.

"ఏంది నాయనా, విరుగుతాదని ముందే తెలుసా? చూసి చూసి కూర్చున్నట్టుండావే!" అన్నాడు పెదనాయన. మా నాయన వైపు చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నాడు. "తెలుసు" అన్నాను.

"మరి చెప్పొచ్చు గదా?" అంది అమ్మాయి.

"కుర్చీల మాటెత్తితే పెళ్ళి జెయ్యనన్నాడు మా నాయన."

ఆమె ఖాళీ పళ్ళెం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పిల్లోడు నా నడుం కాపాడినాడు, ఇంకేం చూడాల?" అన్నాడు పెదనాయన. నాకెంత సంతోషమేసిందంటే, మోచెయ్యి దోక్కుపోయిన సంగతి తిరుగు బస్సెక్కాక గానీ తెలియలేదు.

మొన్న మా మేనల్లుడికి దొనకొండలో పెళ్ళిచూపులు. నేను ఒక కుర్చీలో కూర్చోబోతుంటే వాడు చటుక్కున లేచి, తన కుర్చీ నా వెనక్కి జరిపాడు. "దీంట్లో కూర్చో మామా." మురిసిపోయాను, విద్య మన ఇంట్లోనే నిలిచిందనుకున్నాను. "చార కనిపెట్టినావారా?" అని చెవిలో అడిగాను.

"ఏం చార మామా? నేను కుర్చీని చూళ్ళేదు, నీ ఒళ్ళు చూసినా."

పక్కనే ఉన్న మా ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు నాకు తెలుసు. దాన్ని మొదటిసారి చూసింది నేల మీద నుంచే.