పాచి నీళ్లూ మంచి పురుగులూ

జిన్నారం దగ్గర మా ఫ్యాక్టరీలో షుగరు మాత్రలు తయారవుతాయి. వాటిలో సూక్ష్మజీవులు హద్దు మీరితే బ్యాచ్‌ని ఆపేయడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నేను ఆపలేకపోయింది ఒక్కటే, నా పొట్ట.

కంపెనీ ఏటా చేయించే చెకప్‌లో నా నడుము, బీపీ, షుగరు, కొవ్వు అన్నీ ఒకేసారి పట్టుబడ్డాయి. కంపెనీ డాక్టరు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. చెడ్డ వార్తకు కూడా మర్యాదగా ‘అండీ’ తగిలిస్తారు.

“ఇవన్నీ ఒకే కుటుంబమండీ. మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు.”

ఉమ్మడి కుటుంబాలు పోతున్నాయని బాధపడేవాళ్లకు నా ఒళ్లు చూపించాలి.

మాత్ర రాశారు. మూడు నెలల్లో షుగరు దిగకపోతే ఇంజెక్షన్ తప్పదన్నారు. సూది పేరు చెబితేనే నాకు కళ్లు తిరుగుతాయి. అది తప్పించుకోవడమే అప్పటి నుంచి నా జీవితాశయం.

తీరా చూస్తే ఆయన రాసింది మా ఫ్యాక్టరీ మాత్రే. లోకమంతటికీ అది మంచిదని సంతకం పెట్టే నాకు, నా నోటి దాకా వచ్చేసరికి అనుమానం పుట్టింది. ఆ అనుమానాన్ని ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే తమ్ముడొకడు పసిగట్టాడు. ఖాళీ వేళల్లో డబ్బాలు అమ్ముతాడు.

“మాత్రలెందుకే అన్నా? ఒక్కసారి షురూ చేస్తే జిందగీ అంతా మింగాలె. గిది సూడు, అంతా న్యాచురల్!”

డబ్బాలో స్పిరులినా అనే ఆకుపచ్చ పొడి, పక్కన సీసాలో మంచి బ్యాక్టీరియా నింపిన గోలీలు. పగలంతా బ్యాక్టీరియాను వేటాడే నేను, సాయంత్రం డబ్బులిచ్చి దాన్నే బస్సెక్కించుకుని చిట్కుల్‌లోని ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఆవిడ మూత తీసి వాసన చూసింది.

“ఏందయ్యా గిది, చెరువుల పాచి లెక్కుంది?”

“పాచే. గని సాఫ్‌గ పెంచిన పాచి.”

“మన దిక్కు చెరువు పచ్చగయితే బర్రెలను గూడ తాగనియ్యరు. నువ్వు పైసలు వెట్టి తెచ్చుకున్నవా? మరి ఆ సీసల ఏంది?”

“మంచి బ్యాక్టీరియా. పేగులల్ల ఉండి మేలు చేస్తయి.”

“నేను రోజు తోడేసే పెరుగు ముట్టవు. గీటికి ఫ్రిజ్‌ల జాగ ఖాళీ చేయాల్నా?”

మర్నాటి నుంచి పాచి మొహంతో పాచి నీళ్లు తాగడం మొదలుపెట్టాను.

ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. ఏది పనిచేసిందో తేలాలంటే ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంచాలి. ఇది మా ల్యాబు నియమం. మాత్రా పాచీ కలిపి వేసుకుంటే, షుగరు దిగాక ఆ ఘనత ఎవరికివ్వాలి? అందుకని మాత్ర ఆపేశాను. బిర్యానీ మాత్రం ఆపలేదు. మార్చవలసింది ఒక్కటే కదా! ఇంత నిష్ఠగా ఏ శాస్త్రవేత్తా బిర్యానీ తిని ఉండడు. నడక ఊసే ఎత్తలేదు, ఫలితం కలుషితమవుతుందని. ప్రయోగానికి ఎలుకా నేనే, ఎలుకను గమనించేవాడినీ నేనే. ఎలుక బాగా ఒళ్లు చేసింది.

“మొఖం మస్తు గ్లో కొడుతుందన్నా!” అన్నాడు ప్యాకింగ్ తమ్ముడు. అద్దంలో చూసుకుంటే మీసానికి ఆకుపచ్చ మరక.

గడువు రోజున డాక్టరు గారు రిపోర్టు చూసి తలెత్తారు.

“షుగరు ఇంకా పెరిగిందేమిటండీ? మాత్ర వేసుకుంటున్నారా?”

“ఆపిన సార్.”

“ఎందుకు?”

ల్యాబు నియమం వివరించాను. బిర్యానీ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“మీ దగ్గర బ్యాచ్ పాడైతే పారేసి ఇంకోటి చేస్తారు. మీకు ఇంకో బ్యాచ్ లేదండీ.”

ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ ఇంత మర్యాదగా రిజెక్ట్ చేయలేదు.

“మరి సూది, సార్?”

“మందే వేసుకోని మనిషికి మందు పనిచేయలేదని ఇంజెక్షన్ ఎలా రాసేదండీ? మాత్ర వేసుకోండి, నడవండి, బిర్యానీ తగ్గించండి. ఆ పాచి వల్ల కాస్తో కూస్తో మేలుంటే ఉండొచ్చు, కానీ మాత్ర బదులు కాదు. మళ్లీ మూడు నెలలకు రండి. అప్పుడు సాకులు వినను.”

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు, మాత్రల పట్టీ తెచ్చి ముందు పెట్టింది. అలవాటు కొద్దీ పట్టీ తిప్పి బ్యాచ్ నంబరు చూశాను.

“ఏం సూస్తున్నవ్?”

“దీన్ని పాస్ చేసింది నేనేనా అని.”

“అది పాసైంది, నువ్వు ఫెయిలైనవ్. ఇగ మింగు.”

మింగాను.

“నోరు తెరువు, సూస్త.”

తెరిచాను. నాలుక కింద కూడా చూసి గానీ వదల్లేదు.