చీపురు ఎప్పుడు పట్టాలి?

గడిచిన వారం మా దొడ్డమ్మ పోయింది. పర్సుడీహ్‌లో మా ఇంట్లోనే, మధ్యాహ్నం టీ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నాకు ఆవిడే అమ్మ. మీకు ఆవిడ తెలియదు. కానీ మీరెప్పుడైనా విమానం ఎక్కి ఆవిడ కంటపడి ఉంటే ఒక ప్రశ్న తప్పేది కాదు: ఎంతసేపు పట్టింది?

కారణం చీపురు. ఇంట్లోంచి ఎవరైనా ఊరెళ్తే, వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడవకూడదని ఆవిడ పట్టు. శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న పట్టింపుల్లో చాలావాటిని హిందీ మాట్లాడే ఈ ఊళ్లో వదిలేసింది, ఇదొక్కటి వదల్లేదు. "దూరం సెప్పకే, ఎప్పుడు సేరతావో సెప్పు" అనేది. రైళ్ల టైములు ఆవిడకి కంఠతా వచ్చు. విమానం లెక్కే తేలలేదు.

నేను పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ నన్ను ట్రైనింగ్‌కి జపాన్ పంపింది. ఢిల్లీ నుంచి టోక్యోకి దాదాపు ఆరువేల కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఏడున్నర గంటలు పట్టింది. తిరుగు ప్రయాణానికీ ఆవిడ అదే లెక్క వేసుకుని, చేరిపోయి ఉంటుందిలే అని చీపురు పట్టింది. సగం ఇల్లు ఊడ్చాక, నేనింకా గాల్లోనే ఉన్నానని మా ఆయన ఫోన్‌లో చూసి చెప్పారు. ఇంకేముంది, చీపురు విసిరేసి, తన చేత్తోనే నాకేదో చేసేసినట్టు గుమ్మంలో కూలబడిందట. నేను దిగి ఫోన్ చేసేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఇంటికొచ్చాక నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. నిలదీసింది.

"దారి అదే గదేటే. వచ్చినప్పుడు అంతసేపేటి?"

పైన పడమటి నుంచి తూర్పుకి పెద్దగాలి వీస్తుందని, వెళ్లేటప్పుడు అది తోస్తుందని, వచ్చేటప్పుడు ఎదురొస్తుందని చెప్పాను. మరి ఆ గాలి మనకెందుకు తగలదంది. దాన్ని ఎవరు తోలుతున్నారంది. అంతటితో ఊరుకుందా! సాక్చి మార్కెట్లో పక్కనున్నావిడ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని వింటే చాలు, వంకాయల బేరం ఆపేసి, వెళ్లడానికెంత, రావడానికెంత అని హిందీలో ఆరా తీసేది. అక్కడికి వెళ్లేటప్పుడే ఎక్కువసేపని తెలిసిన రోజు ఆవిడ మొహం చూసి తీరాలి.

"దుబాయ్ పడమరే గదా. నువ్వు సెప్పింది నిజమేనే," అంది. ఆ మాటకి ఇప్పటికీ మురిసిపోతాను.

శవం లేచాక వెంటనే ఇల్లు ఊడ్చి కడగాలన్నదీ మన పద్ధతే. మగవాళ్లు ఆవిడని సుబర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్లారు. వీధిలో ఆడవాళ్లు నీళ్లు తెచ్చిపెట్టి నా చేతికి చీపురిచ్చారు. పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కానివ్వమ్మా, అని ఒకావిడ మెల్లగా అంది.

మా అమ్మాయి, తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల, వచ్చి నా చేతిలోంచి చీపురు తీసుకుంది.

"రుకో మమ్మీ. నానీ అభీ పహుంచీ నహీ హోంగీ."

ఆగమంటోంది. అమ్మమ్మ ఇంకా చేరి ఉండదంటోంది.

ఎంతసేపు ఆగాలో ఎవరినడగను? గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. ముందురోజు పొద్దున ఆవిడే ఉతికి తీగమీద ఆరేసుకున్న చీర తూర్పుకి ఎగురుతోంది.