ఎలీయాజరు మాస్టారు తిరిగిచ్చిన కుర్చీలు

ఎలీయాజరు మాస్టారికి ఏ వస్తువు అరువిచ్చినా తప్పకుండా తిరిగొస్తుంది. కాకపోతే ఇచ్చినవాళ్ళ ఇంటికి రాదు.

భీమడోలులో రైలు గేటు పక్క వీధి మాది. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన ఆయన ఇల్లు వీధి చివర. ఓసారి మా ఇడ్లీ రేకులు పట్టుకెళ్ళి పెర్సిస్ గారింట్లో ఇచ్చారు. రాజకుమారిగారి కొబ్బరికోరాం తెచ్చి మాకిచ్చారు. “ఇది మాది కాదండీ మాస్టారూ” అంటే, “అలాగాండీ? వయసైపోయింది కదండీ, బుర్ర పనిచెయ్యట్లేదు” అని నవ్వేసి వెళ్ళిపోయారు. ఆ కోరాం ఇచ్చొస్తానని వెళ్ళిన మా ఆవిడ రత్నాంబ గంటన్నర తర్వాత ఒడి నిండా గోంగూరతో, వీధి కబుర్లన్నిటితో తిరిగొచ్చింది.

ఇక మా వీధి మురుక్కాలవ సంగతి. అది పూడిపోయి మూడేళ్ళు. నాలుగు చినుకులు పడితే చాలు, నల్లనీళ్ళు మా వంటింట్లోకి వచ్చి పొయ్యి దాకా చేరేవి. ఎదురింటి ఆనంద్ పాల్ గారి గుమ్మంలోకీ అంతే. అడ్డం మీ వైపుందంటే మీ వైపుందని తగువేసుకుని, అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున్నే ఆయన ఏలూరు పాసింజరుకి బయల్దేరే వేళకి, నేను కొట్టు తాళాలు వెతుకుతున్నట్టు లోపలే ఉండిపోయేవాణ్ణి.

మే నెలాఖర్లో మాస్టారు ఇంటింటికీ వచ్చారు.

“వానలొచ్చేలోపు మన కాలవ మనమే తీసుకుందామండీ. ఆదివారం సాయంత్రం మా ఇంటి ముందు మీటింగు. మీ కుర్చీ ఒకటి ఇప్పిస్తారా?”

ఇరవై ఇళ్ళు, ఇరవై కుర్చీలు. వచ్చిన జనం సున్నా. ఆనంద్ పాల్ వస్తారేమోనని నేను వెళ్ళలేదు, నేను వస్తానేమోనని ఆయన వెళ్ళలేదు. మిగతావాళ్ళకి ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. ఖాళీ కుర్చీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మాస్టారిని కిటికీలోంచి చూశాను. సిగ్గేసింది గానీ, కదల్లేదు.

మర్నాడు కుర్చీలు తిరిగొచ్చాయి. మా నీలం కుర్చీ బదులు ఎర్రది వచ్చింది. సాయంత్రం దాన్ని పట్టుకుని బయటికొద్దును కదా, వీధి వీధంతా నెత్తిన ఒకరు, చంకన ఒకరు కుర్చీలతో తిరుగుతున్నారు!

“ఇది మీదాండీ?”

“కాదండీ, మాదానికి చెయ్యి విరిగి ఉంటుంది. ఎక్కడైనా చూశారా?”

నా ఎదురుగా నా నీలం కుర్చీ పట్టుకుని ఆనంద్ పాల్.

“పట్టాభిగారూ, మీది మా ఇంటికొచ్చిందండీ” అన్నారు. మూడేళ్ళ తర్వాత అదే మొదటి మాట.

“మీది మా ఇంటికొచ్చిందండీ” అన్నాను. ఇంతకంటే తెలివైన మాట తోచలేదు.

అంతలో మాస్టారు చప్పట్లు కొట్టారు. “అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకునే వచ్చారు కదండీ! కూర్చోండి, కూర్చోండి.”

కూర్చోక ఏం చేస్తాం? పావుగంటలో పారలెవరివో, తట్టలెవరివో తేలిపోయింది. లేచేటప్పుడు నా కుర్చీ తిరగేస్తే, అడుగున రంగుతో చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు: పట్టాభి. ఎర్రదాని అడుగున: ఆనంద్ పాల్. ఇరవై కుర్చీలకీ పేర్లున్నాయి!

“పేర్లు రాసుకుని కూడా ఎలా మారిపోయాయండీ మాస్టారూ?”

“కళ్ళజోడు ఎవరింట్లోనో మర్చిపోయానండీ” అన్నారాయన, ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంటూ.

ఆ వచ్చిన ఆదివారం కాలవ తీశాం. తీరా చూస్తే అడ్డం మా వైపూ లేదు, ఆయన వైపూ లేదు. సరిగ్గా మధ్యలో, రోడ్డు కింద తూములో ఉంది. జూన్‌లో రెండు రోజులు కుండపోతగా కురిసింది. పొడి వంటింట్లో నిలబడి రత్నాంబ, వీధి చివరి ఇంటి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. అలాంటి మనిషి మా వీధిలో ఉండడం మా అదృష్టం.

మొన్న మాస్టారు పట్టుకెళ్ళిన మా పార తిన్నగా మా ఇంటికే వచ్చింది. నాకు కంగారు పుట్టింది.

“ఒంట్లో బాగానే ఉందాండీ?”

“బాగానే ఉందండీ. ఇంక అవసరం లేదనిపించింది” అని వెళ్ళిపోయారు.

నాకు మాత్రం అవసరం అనిపించింది. పార భుజాన వేసుకుని వీధి దాటాను.

“ఆనంద్ పాల్ గారూ, ఇది మీదేమోనండీ?”

“కాదండీ, మీదే” అన్నారాయన తలుపు బార్లా తీస్తూ. “రండి, కాఫీ పొయ్యి మీదే ఉంది.”