మాస్టారి చంకకర్రలకు నా కొలత

కాలు విరిగి వచ్చిన మనిషికి చేయి కూడా పడిపోయేలా వైద్యం చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నమస్కారం. నేనే. ఆ ఘనకార్యానికి నాకు కత్తీ సూదీ అవసరం రాలేదు. రెండు కర్రలు చాలాయి.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఓ డాక్టరుగారి దగ్గర కాంపౌండరుని. తెల్లకోటు తొడుక్కుని సీసాల్లో ఎర్రమందు పోస్తుంటే సగం డాక్టరునైపోయాననుకునేవాణ్ణి. మిగతా సగం ఆయన ఊళ్లో లేనప్పుడు అయ్యేవాణ్ణి.

దేవదానం మాస్టారు మా చర్చి బడిలో పాఠాలు చెప్పేవారు. ఆదివారాలు హార్మోనియం వాయించేవారు. పొట్టి మనిషి, మెత్తని మాట. మండవల్లి వైపు చుట్టాలింటికి వెళ్లి, కొల్లేట్లో పడవ దిగుతూ నాచు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నారు. మా డాక్టరుగారు పిండికట్టు వేశారు. ఆ వెంటనే లంక గ్రామాల్లో జ్వరాలు చూడడానికి బయలుదేరుతూ, "మాస్టారికి చంకకర్రలు చేయించవోయ్. కొలత జాగ్రత్త. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉండాలి. బరువంతా చేతుల మీద..." అని చెబుతున్నారు. నేను "చిత్తం, చిత్తం" అంటూ ఆయన పెట్టె బండిలోకి ఎక్కిస్తున్నాను. అంత ఉపన్యాసంలో నా చెవిన పడింది చంక ఒక్కటే.

"ఎవరి కొలతండీ?" అన్నాడు వడ్రంగి.

మంచం మీదున్న మాస్టారిని లేపడం ఎందుకని, "ఎవరిదైతే ఏం, నాది తీసుకో" అన్నాను. నేనా, తాటిచెట్టుకి తమ్ముణ్ణి. పైగా చంక కింద ఖాళీ ఉంటే చూడ్డానికి బాగుండదని దూది మెత్తలు కూడా కొట్టించాను.

మర్నాడు మాస్టారిని వాటి మీద నిలబెట్టాను. నిలబెట్టాననడం కంటే తగిలించాననడం న్యాయం. భుజాలు చెవుల్ని దాటి పైకి పోయాయి.

"నాయనా, కాలు నేలకి అందడం లేదు."

"విరిగిన కాలు నేలకి ఆనకూడదు కదండీ!"

"నేను చెప్పేది మంచి కాలు సంగతి నాయనా."

"మునివేళ్ల మీద నిలబడండి మాస్టారూ. చేతులకి శ్రమ ఇవ్వకండి. చంకల మీద హాయిగా వేలాడండి. ఉయ్యాలలా ఉంటుంది."

వాళ్లావిడ శాంతమ్మగారు అనుమానంగా చూశారు. "ఏవండీ, దండెం మీద ఆరేసినట్టు ఉన్నారు" అన్నారు. నేను నవ్వేశాను. నాలుగు రోజులకి మాస్టారు, "కుడిచేయి తిమ్మిరెక్కుతోంది నాయనా" అంటే, "కొత్త చెప్పులు కరవవూ? కర్రలూ అంతేనండి" అని ధైర్యం చెప్పాను. ఆయన నన్ను నమ్మారు. అదీ ఆయన చేసిన తప్పు.

ఆదివారం చర్చిలో అందరూ పాటకి లేచారు. మాస్టారు ఎడమచేత్తో హార్మోనియం తిత్తి కొడుతూ కుడిచేయి మెట్ల మీద పెట్టారు. పెట్టిన చేయి మళ్లీ లేవలేదు. నాలుగు వేళ్లూ నాలుగు మెట్లు నొక్కుకుని అలాగే ఉండిపోయాయి. ఆ కంగారులో ఎడమచేయి తిత్తి కొట్టడం ఆపలేదు. హార్మోనియం ఈనుతున్న గేదెలా అరుస్తోంది. వెనక వరుసవాళ్లు ఇదేదో కొత్త బాణీ అనుకుని గొంతు కలిపారు. నాకైతే నవ్వొచ్చింది. మాస్టారి మొహం చూశాక ఆగిపోయింది. ఆయన తన మణికట్టునే చూసుకుంటున్నారు. అది చేప కోసం తల వంచిన కొంగలా వేలాడుతోంది.

"పక్షవాతం మొదలైందేమో బాబూ!" అని శాంతమ్మగారు ఏడుపు మొదలుపెట్టారు. సుద్దముక్క పట్టుకోవాలన్నా, పాట వాయించాలన్నా ఆ చేయే కదా.

"భయపడకండమ్మా. ఏలూరులో ఎక్స్‌రే తీయిద్దాం. నరాలన్నీ టెలిగ్రాఫ్ తీగల్లా కనిపిస్తాయి. తెగింది ఏదో చూసి ముడేసేస్తారు" అన్నాను.

అదే కర్రలతో ఆయన్ని రైలెక్కించి ఏలూరు తీసుకెళ్లాను. ఎక్స్‌రే డాక్టరుగారు బొమ్మ తీసి వెలుతురుకి ఎత్తిపట్టారు. పక్కటెముకలు, భుజం ఎముక, అంతే.

"తెగిన నరం ఎక్కడండీ?" అన్నాను, తోటి డాక్టరులా.

"నరాలు ఇందులో పడవు."

"చిన్న సైజు కాబోలండి. పెద్ద ఫోటో తీస్తే?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మాస్టారూ, ఓసారి నడవండి" అన్నారు. మాస్టారు వేలాడుతూ నాలుగడుగులు వేశారు.

"ఈ కర్రలు ఎవరు కొలిచారు?"

నా కళ్లు పైకప్పు మీద, మాస్టారి కళ్లు నా మీద.

"నేనేనండి," అన్నారు మాస్టారు మెల్లగా. "కాస్త పొడుగు చేయించుకున్నాను."

"కాదండి! నేనేనండి!" అని అరిచాను. డాక్టరుగారు ఆ కర్రలు నా చంకల కింద పెట్టి చూశారు. దర్జీ కుట్టిన చొక్కాలా సరిపోయాయి.

"చేతికి పోయే నరాలన్నీ మెడ నుంచి గుత్తిగా వచ్చి చంకలోంచే దిగుతాయి. ఈయన్ని నువ్వు ఆ గుత్తి మీదే వేలాడదీశావు. అదృష్టం బాగుంది, తెగలేదు, నలిగాయంతే. కర్రలు కోయించు. మణికట్టు పైకి నిలిచేలా బద్ద కట్టాలి, వేళ్లకి రోజూ మర్దనా చేయాలి. మెల్లగా కోలుకుంటాయి."

మర్దనా చేసింది ఎవరో చెప్పాలా? రోజూ ఆస్పత్రి కాగానే వెళ్లి, ఒక్కొక్క వేలూ చంటిపిల్లని లేపినట్టు లేపేవాణ్ణి. వరికోతలు అయ్యేనాటికి ఓ సాయంత్రం ఆ మణికట్టు తనంతట తాను లేచింది. మాస్టారు ఆ చేత్తోనే నా తల మీద ఓ మొట్టికాయ వేసి, "బలం వచ్చిందో లేదో చూశాను నాయనా" అన్నారు.

నా కళ్లు తడవడం చూసి శాంతమ్మగారు కాఫీ తెచ్చిచ్చారు. ఆవిడ నుదుటికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాను అలవాటుగా.

"తలనొప్పి బాబూ. మందు మాత్రం నిన్నడగను. ఉన్న కాళ్లు రెండూ నాకు కావాలి" అన్నారు.

ఆ కాఫీ గ్లాసు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఒకరి ఒంటికి నా ఒంటి కొలత ఇవ్వను. అవసరమైతే వచ్చే జన్మలోనూ ఇవ్వను.