మిగతావారు కూడా బాగా తొక్కారు

పదేళ్ళ పాటు సైకిలు పందేల్లో తొక్కాను. మైకులో నా పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. పందెం అయ్యాక రిక్షాకు మైకు కట్టి, గెలిచినవాడి పేరు బాపట్ల బజార్లంతా చెప్పుకుంటూ తిరిగేవారు. చివర్లో మర్యాదకి ఒక ముక్క కలిపేవారు: "మిగతావారు కూడా బాగా తొక్కారు." ఆ మిగతావారిలో నేనొకణ్ణి. మా అత్తగారి ఊరు బాపట్లే కావడంతో ఆ రిక్షా సరిగ్గా వాళ్ళ గుమ్మం ముందు నుంచే పోయేది. "ఏం బావా, ఈసారి కూడా మిగతావారేనా?" అని మా బావమరిది ప్రతి ఏడూ అడిగేవాడు. పైకి నవ్వేవాణ్ణి గానీ ఒళ్ళు మండిపోయేది.

మాది తెనాలి. ఒక మిషన్ బడిలో గుమాస్తాగా చేసేవాణ్ణి. ఎనభైల్లో పది పన్నెండు మందిమి కలిసి క్లబ్బు పెట్టుకున్నాం. క్లబ్బు అంటే గదీ లేదు, బోర్డూ లేదు. సాయంత్రాలు నందివెలుగు వైపు తొక్కడం, ఎవడికో పంక్చరు పడితే అందరం నిలబడి సలహాలివ్వడం, చీకటి పడ్డాక నడిపించుకుంటూ రావడం, ఇంతే. రోజూ పనికి వెళ్ళే సైకిళ్ళే పందేనికీ. శనివారం సాయంత్రం మడ్‌గార్డులు, క్యారియరు ఊడదీసేవాళ్ళం, సోమవారం పొద్దున్నే మళ్ళీ బిగించేవాళ్ళం. ఆదివారం ఆరాధనకు ఎగనామం పెడుతున్నానని మా అమ్మకు కోపం. "ప్రభువుకి గంటసేపు ఇవ్వలేవు గానీ, ఆ చక్రాలకి రోజంతా ఇస్తావేంట్రా" అనేది.

క్లబ్బులో నా పని గాలి కాయడం. ఎదురుగాలిలో ఒకడు ముందు తొక్కితే వెనకవాడికి సగం శ్రమ తప్పుతుంది. ఆ ముందు తొక్కేవాణ్ణి నేను. నా వీపు వెడల్పు, అదీ కారణం. చివరి మైలు దాకా నేను గాలి కాసేవాణ్ణి, అప్పటిదాకా నా వెనక చల్లగా వచ్చినవాడు పక్కనుంచి దూసుకుపోయి గెలిచేవాడు. మొదట్లో అది గొప్పగానే అనిపించింది. తరవాత్తరవాత విసుగు పుట్టింది. మానేద్దామనుకుంటూనే శనివారం రాగానే స్పానర్ పట్టుకునేవాణ్ణి.

మాలో గట్టివాడు సముద్రం ఒడ్డు ఊరి కుర్రాడు. తెల్లారకముందే చేపల గంప సైకిలుకు కట్టుకుని రేపల్లె బజారుకు తొక్కేవాడు. చేప మెత్తబడేలోగా చేరాలి కాబట్టి ఆ కాళ్ళకు ఆ వేగం వచ్చింది. వరసగా గెలుస్తూ వచ్చింది వాడే, నా వెనకే వచ్చి.

తొంభైలు వచ్చేసరికి క్లబ్బులో సగం మంది మోపెడ్లు కొనుక్కున్నారు. ఆ ఏడు పందెమే ఆఖరిదని ఎవరూ అనకుండానే అందరికీ తెలుసు. రేపల్లె నుంచి బాపట్ల దాకా పందెం. తెనాలి నుంచి ప్యాసింజరులో సైకిళ్ళు వేసుకుని వెళ్ళాం. రేపల్లెలో చేపల కుర్రాడు నా పక్కకొచ్చి, "అన్నయ్యా, ఈసారి నేను కాస్తాను. నువ్వు నా వెనక చక్రం చూసుకుంటూ రా, చాలు. వదిన వింటది మైకులో" అన్నాడు. మా ఆవిడ ఆ ఏడే మొదటిసారి పందెం చూడ్డానికి పుట్టింటికి వెళ్ళింది. సరేరా అన్నాను.

సముద్రం వైపు నుంచి పైరగాలి అప్పుడే మొదలైంది, సరిగ్గా మాకు ఎదురుగా. బండ్ల కింద నలిగి గింజ రాలాలని రైతులు రోడ్డు మీద మినపకట్టె పరిచారు, చక్రాలు జారుతున్నాయి, నలుసులు కళ్ళల్లో పడుతున్నాయి. చెరుకుపల్లి దాటేసరికి పొరుగు క్లబ్బులవాళ్ళు వెనకబడిపోయారు. వాడు ముందు, నేను వెనక. ఇద్దరమే మిగిలాం.

వెనక తొక్కడం ఎంత హాయో నాకు అంతవరకూ తెలీదు. తెలిశాక కాలు నిలవలేదు. ముందున్నప్పుడు గాలి తప్ప ఇంకేమీ తలపుకు రాదు. వెనకుంటే ముందువాడి వీపు కనిపిస్తుంది. వాడి చొక్కా తడిసి అంటుకుపోయింది, మెడ నరాలు లేచాయి, ఎగశ్వాస వినిపిస్తోంది. వాడు నాకోసం అంత పడుతుంటే నేను తీరిగ్గా కూర్చోవడమా అనిపించింది. నిజం చెప్పాలంటే అంత ఆలోచన కూడా చేయలేదు. పదేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే నన్ను వాడి ముందుకు తోశాయి.

"వెనక్కి రా అన్నయ్యా, నీకేమన్నా పిచ్చా" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. కాసేపేలేరా, ఊపిరి తీసుకో అన్నాను. బాపట్ల ఇళ్ళు కనిపించేదాకా ఆ కాసేపు అవలేదు. అప్పటికి నాలో నీరసం, వాడిలో బలం. వాడు ఆగాలనే చూశాడు, బ్రేకు కూడా పట్టాడు, కానీ నా కాళ్ళు పూర్తిగా పట్టేసి సైకిలు నడక కంటే నెమ్మదైపోయింది. వెనకవాళ్ళు తరుముకొస్తున్నారు. "నువ్వన్నా పోరా" అని నేనే అరిచాను.

మైకులో వాడి పేరు చెప్పారు. మిగతావారు కూడా బాగా తొక్కారన్నారు. మెడలో దండతోనే వాడు నా దగ్గరికొచ్చి, "ఎందుకొచ్చావన్నయ్యా ముందుకి" అని ఏడ్చాడు. ఏమోరా అన్నాను. మా బావమరిది ఆ ఏడు ఏమీ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేది.

సాయంత్రం నేనూ మా ఆవిడా బస్సెక్కి సూర్యలంక వెళ్ళాం. ఇసకలో నడుస్తుంటే తను అడిగింది.

"పేరు రాలేదని బాధగా ఉందా అండి?"

"చాలా బాధగా ఉంది."

సముద్రం మీంచి గాలి ఎదురుగా కొడుతోంది. నేను ముందు, తను నా వీపు వెనక. కొంత దూరం పోయాక విసుక్కుంది.

"కాస్త పక్కకు జరగండి. గాలికని వస్తే గాలికే అడ్డంగా నడుస్తారేంటి?"

జరిగాను. తను కొంగు నడుముకు దోపుకుని ముందుకెళ్ళింది. నేను వెనక నడిచాను. అప్పుడు తెలిసింది, నా కాళ్ళు ఎంత నొప్పిగా ఉన్నాయో.