గిద్దలూరు దారిలో నీలం దీపం

మా అత్తకు ఎడమ కంట్లో శుక్లం ముదిరి, సొంత గడప తగిలి పడ్డాక, ఆపరేషన్‌కు మార్కాపురం తీసుకుపోవాలనుకున్నాం. మా ఆయన బోరు బండి వెంట ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటాడు. అత్తకేమో బస్సెక్కితే వాంతులు. నేను కారు తీస్తానన్నాను. కొత్తగా డ్రైవింగ్ నేర్చిన మనిషికి ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే దిగులుతో పాటు కాస్త ఉత్సాహం కూడా వస్తుంది. నాకొచ్చింది, దాచడమెందుకు.

అత్త షరతు పెట్టింది. "పోయి వచ్చేదాంక నాకేం గాకపోతే రెండో కంటికి గూడా వస్తా. నీ బండిలో ప్రాణం అరచేతిలో పెట్టుకోవాల్సొస్తే మాత్రం ఆ కన్ను అట్లనే పోనీ. నన్నడగమాకు."

ఆ రకంగా మా అత్త కుడి కన్ను నా స్టీరింగ్ మీద ఆధారపడింది.

డిసెంబరు చలిలో ఆరున్నరకు గిద్దలూరులో బయలుదేరాం. అత్త బెల్టు పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె "ఆమెన్" అనబోతుంటే చర్చిలో అలవాటు కొద్దీ నేనూ కళ్లు మూశాను. కారు అప్పటికే కదులుతోంది.

"నువ్వు తెరువు మే!" అని అరిచింది అత్త. "ప్రార్థన నాది, రోడ్డు నీది!"

కంభం దాకా మంచే. అద్దానికి లోపల ఆవిరి పడితే చీరకొంగుతో తుడుస్తూ, ముందు పోయే బస్సుకు దూరంగా, ఎద్దుబండి నడకలో పోయాను. కంభంలో కారం దోసె తిని టీ తాగేసరికి ఎండ వచ్చింది. పది గంటలకల్లా మార్కాపురం చేరాం. ఆపరేషన్ అరగంటలో అయిపోయింది. రాత్రి ఆస్పత్రి ఎదుటి లాడ్జిలో గది తీసుకున్నాం. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. దోమలు వాటంతటవే వస్తాయి.

మర్నాడు కట్టు విప్పగానే అత్త నన్ను పరీక్షగా చూసింది. "ఇన్ని తెల్ల ఎంటికలు ఎప్పుడొచ్చినాయి మే నీకు?" అంది. ఆపరేషన్ బాగా జరిగిందని అర్థమైంది.

డాక్టరు సాయంత్రం ఇంకోసారి చూసి, నల్లద్దాలిచ్చి పంపేసరికి ఐదు దాటింది. చలికాలం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. బుద్ధున్నవాళ్లు ఇంకో రాత్రి ఉండిపోతారు. నేను బళ్లో రోడ్డు భద్రత పాఠం చెప్పే టీచర్ని, ఉన్న బుద్ధంతా పిల్లలకు పంచేశాను. ఫోన్లో మా ఆయన, "చీకట్లో ఎప్పుడన్నా తోలినావా?" అన్నాడు. "లైట్లున్నాయి కదా" అన్నాను. డ్రైవింగ్ స్కూలువాళ్లు నాకు పొద్దుటిపూట నేర్పారు, లైట్ల దాకా రాలేదు.

స్టీరింగ్ పక్కనున్న మీట తిప్పి, ముందుకు తోసి లైట్లు వేశాను. మీటర్ల మధ్య చిన్న నీలం దీపం వెలిగింది. అది వెలిగితే అంతా సవ్యంగా ఉన్నట్టని నాకు నేనే తీర్మానించుకున్నాను. రోడ్డు పట్టపగల్లా కనిపించింది. ఎదురొచ్చే లారీలు, ఆటోలు నన్ను చూడగానే లైట్లు ఆర్పి వెలిగించేవి. మా పక్క మనుషుల మర్యాదే వేరు! ఆడమనిషి చీకట్లో ధైర్యంగా తోలుతుంటే మెచ్చుకుంటున్నారనుకుని ప్రతివాడికీ చెయ్యి ఊపాను. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి ఏదో కేకేశాడు. "మనూరోడేమో అత్తా" అన్నాను.

కంభం ఇంకా కొంత దూరముందనగా, ఒక పల్లె దగ్గర రోడ్డు మీద కాయలతో ఎండిన ఉలవ కట్టె కుప్ప కనిపించింది. పగలు వచ్చేపోయే బండ్ల కింద నలగడానికి పరుస్తారు, పొద్దుగూకితే ఒక పక్కకు లాగి చుట్టూ రాళ్లు పెడతారు. అది అవతలి పక్కనుంది. ఎదురుగా వస్తున్న బైకు మూడుసార్లు లైటు కొట్టింది. నేను చెయ్యి ఊపాను. బైకు తిన్నగా పోయి రాయిని గుద్దుకుంది, మనిషి ఎగిరి కుప్పలో పడ్డాడు.

కారు ఆపి పరుగెత్తాను. అతను లేచాడు, జుట్టు నిండా ఉలవ పొట్టు. మోచెయ్యి గీరుకుపోయింది. రెండడుగులు ఇవతల పడి ఉంటే తల రాళ్ల మీద ఉండేది.

"గుడ్డోణ్ణి చేసినావు గదక్కా! అన్నిసార్లు లైటు కొడితే దించవేంది?"

"నమస్కారం పెడుతున్నావనుకున్నా తమ్ముడూ."

అతను అత్తవైపు తిరిగాడు. "ఈమెకు లైసెన్సు ఇచ్చినోడెవడు పెద్దమ్మా?"

అత్త నా పక్షం వస్తుందనుకున్నాను. "నిన్న డాక్టరు నా కంట్లో టార్చీ కొడితే ఎదురుగ గోడ గూడా కనపడలా. ఈ పిల్లోనికి రాళ్లేం కనపడతాయి మే?" అంది.

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి మీటను వెనక్కి లాగాడు. నీలం దీపం ఆరింది, వెలుగు రోడ్డు మీదికి దిగింది. ఇంతసేపూ మర్యాద చేశారనుకున్న వాళ్లంతా నన్ను తిట్టారన్నమాట. సిగ్గుతో, భయంతో ఏడుపొచ్చింది. అతని మోచెయ్యి నీళ్లతో కడిగి, కంభం ఆస్పత్రికి తీసుకుపోతానన్నాను.

"నువ్వు తోలతావా?" అన్నాడు. "వద్దులేక్కా." బైకు లేపుకుని నిదానంగా పోయాడు.

కంభంలో మొహం కడుక్కుని టీ తాగాను. ఇళ్ల మీద క్రిస్మస్ నక్షత్రాలు వెలుగుతున్నాయి. "వాటికి మూలలున్నాయి మే!" అని అత్త నల్లద్దాలు తీసి చూసి మురిసిపోయింది. ఆ సంతోషం చూస్తే నాకు ఇంకా బాధేసింది. ఆమె పెట్టిన షరతు ప్రకారం రెండో కన్ను నా చేతులారా పోగొట్టాను.

అక్కణ్ణుంచి అత్త సీటులో ముందుకు జరిగి కూర్చుంది. "దించు మే, లారీ వస్తాంది." "బర్రె! బర్రె!" "ట్రాక్టరు, దానెనక లైటు లేదు, ఆగు!" ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేదీ అంతే. చలికాలం పొద్దుండగానే ఇల్లు చేరండి, చేరలేకపోతే నిదానంగా రండి, ఎదుటివాడి కళ్లు కాపాడండి.

గిద్దలూరు దీపాలు కనిపించాక, "రెండో కంటికి వేరే డ్రైవరు నెవరినన్నా మాట్లాడతాలే అత్తా" అన్నాను, ఆమె వైపు చూడకుండా.

"వేరేవాళ్లెందుకు? నువ్వే తోలు" అంది అత్త. "ఆ కన్నూ బాగు చేయించుకోవాల్సిందే. నీ పక్కన కూచోవాలంటే ఒక కన్ను యాడ చాలుతుంది?"