యూరియా వేయని మడి

ఒంటి మీద చొక్కా మాసినా నాంచారయ్యకు పట్టదు. చేను మాత్రం పాలిపోకూడదు. రేపల్లె రోడ్డు పక్కనే ఆయన పొలం. బస్సులో పోయేవాళ్లు సైతం తల తిప్పి చూడాలి. ఆ పచ్చదనం పిచ్చి 2005లో అన్న కూతురు అనుపమ కొంప ముంచింది.

అనుపమ బాపట్లలో వ్యవసాయ పరిశోధన చేస్తోంది. వరికి ఆకు ఎండు తెగులు తెచ్చే బాక్టీరియా మొక్కలోని రసంలోనే బతుకుతుంది. యూరియా దట్టంగా వేసిన మొక్క రసంలో అది ఎక్కువ పెరుగుతుందా, వేయని మొక్క రసంలో తగ్గుతుందా? ఆమె తేల్చాల్సింది అదే. అందుకే ఒక్క మడికి యూరియా వేయొద్దని బాబాయి చేత ఒట్టు వేయించుకుంది. ఆ మడిలోనూ, పక్క మడిలోనూ కాండాలు కోసి, ఊరిన రసాన్ని చుక్కచుక్కగా పట్టి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, తెనాలిలో రైలు మారి బాపట్ల చేరింది. తీరా చూస్తే ఏముంది? రెండు రసాల్లోనూ బాక్టీరియా ఒకేలా పెరిగి కూర్చుంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఆమెకే చేతకాలేదన్నాడు గైడు. ఇక మిగిలింది ఒక్క పంట. అదీ పోతే ఇన్నేళ్ల చదువూ గంగపాలే.

అనుమానం వచ్చి రేపల్లె వెళ్లి నిలదీసింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఆ మడికి యూరియా వేశావా?"

"కాస్తేనమ్మా. గుప్పెడు."

"గుప్పెడా?"

"సగం బస్తా అనుకో. కళ్లెదుట పసుపుబారిపోతంటే ఎట్టా చూడమంటావే? నాంచారయ్యకి సేద్యం రాదనరూ నలుగురూ?"

"నీ పరువు కోసం నా ఏడాది మట్టిలో కలిపావు!" అని అరిచి, పిన్ని ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా రైలెక్కింది. మంచివాడే, కాదనదు. ఆ మంచితనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియకే ఆమెకు ఒళ్లు మండింది.

మరుసటి పంటకు భయంభయంగా వచ్చింది. మడి నిజంగానే పాలిపోయి ఉంది. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్తే గట్టు మీద, రోడ్డుకు ఎదురుగా, రేకు బోర్డు. దాని మీద రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు:

"ఈ మడి మా అన్న కూతురు అనుపమది. నాది కాదు. ఇట్లు, నాంచారయ్య."

అనుపమ తల పట్టుకుంది. అంతలో పక్క పొలం వెంకటప్పయ్య సైకిలు ఆపి, బోర్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏంటమ్మాయ్, ఇంత చదువు చదివి పండించింది ఇదా?"

అవతలి గట్టు మీద నాంచారయ్య ఏమీ విననట్టు అటు తిరిగి నిలబడ్డాడు. అనుపమ పళ్లు నూరుకుంటూ వంగి, పసుపుబారిన కాండాన్ని కోసింది.

"అవునండి, నాదే," అని మొదటి చుక్కను సీసాలోకి పట్టింది.